యేసుమణి సినిమా, ఎస్తేరమ్మ పాట

యేసుమణి గెలిచిన తగాదాను నేను దగ్గరుండి చూశాను. ఓడిపోతే చూద్దామనే పోయాను, దాచడమెందుకు.

రెండు వేల పదకొండు, మాఘమాసం. మా మామిడిపల్లి అవతల రాతి గుండ్ల మధ్య ఆమె సినిమా తీస్తోంది. థియేటర్లో ఆడేది కాదు, టీవీలో గంటసేపు వచ్చేది. ఒక కెమెరా, ఎనిమిదిమంది మనుషులు, ఆటోలో అన్నం గిన్నెలు, అంతే ఆమె బలగం. శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలయ్యాక మా నెత్తి మీద చప్పుడు ఆగదు. ఒకటి పోయి ఇంకొకటి వచ్చేలోపు నాలుగు మాటలు పట్టుకోవాలి. అందుకని అందరూ ఆకాశం వంక చూస్తూ నోరు మూసుకుని కూర్చున్నారు. అప్పుడు వచ్చాయి మూడు వ్యాన్లు. పెద్ద సీరియల్ కంపెనీవి. వాళ్ళ మేనేజరు వీరేందర్ దిగీ దిగకముందే చేయి ఊపాడు.

"అక్కా, జర సామాన్ తీయుండ్రి. మా హీరోయిన్ వస్తున్నది. ఇయ్యాల గీ జాగ మాది."

"నీదెట్లయితది అన్నా? నా తారీఖు ముందుగాల రాయించుకున్న."

"ఏడ రాయించుకున్నవ్? గీ గుండు మీదనా?"

వ్యాన్లలో వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. యేసుమణి అరవలేదు, ఏడవలేదు. ఒక ఫోన్ చేసి, ఆటో నీడలో కూర్చుని జాకెట్టుకు ఊడిన హుక్కు కుట్టుకుంది.

ఎండ నెత్తికెక్కేసరికి ఆరాంఘర్ వైపు నుంచి స్కూటర్ మీద శివయ్య వచ్చాడు. టీవీ నిర్మాతల సంఘానికి కార్యదర్శి. మనిషి బక్కగా ఉన్నాడు గానీ సంకలో పుస్తకం మాత్రం పొడుగు. సంఘంలో ఉన్నవాళ్ళు ఏ రోజు ఎక్కడ షూటింగ్ పెట్టుకున్నా అందులో రాయించుకోవాలట. వీరేందర్ కంపెనీ కూడా ఆ సంఘంలోదే. శివయ్య పుస్తకం తెరిచి యేసుమణి పేరు మీద వేలు పెట్టాడు.

"వీరేందర్, గీ పేజీల నీ కంపెనీ ఏడున్నదో చూపెట్టు."

"పెద్ద ఆర్టిస్టు డేటన్నా. పరేషాన్ చేయకు."

"పెద్దోళ్లకొక పుస్తకం, చిన్నోళ్లకొక పుస్తకం లేదు బిడ్డా. ఇయ్యాల నువ్వు దీన్ని కాదంటే రేపు నీ జాగల ఇంకొకడు దిగుతడు. అప్పుడు నాకు ఫోన్ చేయకు."

మూడు వ్యాన్లూ దుమ్ము లేపుకుంటూ వెనక్కి పోయాయి. ఆ దుమ్ము నా కళ్ళలో పడింది. కడుపులో పడిన మంట వేరు.

ఆ మంట ఎక్కడిదో చెబుతాను. యేసుమణి తల్లి ఎస్తేరమ్మ మా మడిలో నాట్లు వేసేది. నేను గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడేదాన్ని. ఎస్తేరమ్మ చచ్చేదాకా నన్ను పటేలమ్మా అనే పిలిచింది. మా పొలం విమానాల కింద పోయింది. పోయిన మర్నాటి నుంచి ఆమె బిడ్డ నన్ను అక్కా అంటోంది.

యేసుమణి దర్జీ పని చేసేది. మా కోడళ్ళ జాకెట్లన్నీ ఆమె కుట్టినవే, చంకల దగ్గర ఎప్పుడూ బిగువే. మా చుట్టుపక్కల తోటల్లోకి సీరియళ్ళ వాళ్ళు వస్తుంటే బట్టలు సరిచేయడానికి పోయేది. సూది పట్టుకుని పోయినామె కళ్ళు మూసుకుని కూర్చోదు కదా, ఆ పని ఎట్లా నడుస్తుందో మొత్తం చూసింది. చర్చిలో క్రిస్మస్ నాటకం తీసి కేబుల్ వాళ్ళకిచ్చింది. మొగుడు జ్ఞానదాసు విమానాల్లో సామాన్లు ఎక్కించే పనివాడు, నోరు లేనివాడు, సరేనన్నాడు. తర్వాత శివయ్య వాళ్ళ సంఘంలో చేరి ఫొటో ఉన్న కార్డు మెడలో వేసుకుని వీధంతా తిరిగింది. మంగళసూత్రం కూడా అంత మురిపెంగా వేసుకుని ఉండదు.

ఆ కార్డు ఉత్తది కాదని తర్వాత తెలిసింది. టీవీ వాళ్ళు ఇచ్చిన ఒప్పందం కాగితాన్ని సంఘం వకీలు చదివి, సినిమా ఎప్పటికీ వాళ్ళదే అన్న చోట "ఎప్పటికీ" అన్న మాట కొట్టేసి "మూడేళ్ళు" అని రాయించాడట. మేము భూమి కోసం పదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగాం. మా వకీళ్ళలో ఒక్కడూ ఒక్క మాట కొట్టేయించలేదు. ఒంటరిగా పోతే ఆ టీవీ వాళ్ళ గేటు కూడా దాటేదాన్ని కానని యేసుమణే అంటుంది. వెనక అంతమంది నిలబడితే నేనూ దాటేదాన్ని. మాకు నిలబడినవాళ్ళు ఎవరు?

ఇక పాట సంగతి. ఆమె సినిమా నాట్లేసే ఆడవాళ్ళ మీద. పొలాలు పోయాక వాళ్ళు ఎయిర్‌పోర్టులో నేల తుడుస్తున్నారు కదా, ఆ కథ. దానికి ప్రాణం ఒక నాట్ల పాట.

నీరొంగె, నారొంగె, నా నడుమొంగె
పొద్దొంగె, పటేలమ్మ మాటొంగదాయె

అది పాడమని యేసుమణి మొదట నా దగ్గరికే వచ్చింది. నా గొంతు మంచిదని ఊరికంతా తెలుసు. "మా ఇంటి ఆడోళ్లు కెమెరాల ముందట పాడరు" అన్నాను. మా దగ్గర పెళ్లి భోజనానికి పిలిచినా మొదటి పిలుపుకు ఎవరూ లేవరు. రెండోసారి బతిమాలాలి, మూడోసారి చేయి పట్టుకోవాలి. ఆమె సరే అక్కా అని లేచి, నేరుగా పోయి, వాళ్ళమ్మతో నాట్లేసిన జంగమ్మతో పాడించింది. జంగమ్మ గొంతు పగిలిన కుండ. అయినా సినిమా టీవీలో వచ్చిన రోజు వీధంతా జంగమ్మ వాకిట్లోనే ఉంది. నేను తలుపు వేసుకుని చూశాను. పాట దగ్గర ఏడుపొచ్చింది, కోపంతో.

నెల తిరగకముందే వీరేందర్ మా ఇంటికి వచ్చాడు. చెప్పులు వాకిట్లోనే విడిచాడు.

"అమ్మా, అసలు పాట మీదేనట గదా? గామె మీ పేరు గూడ ఎయ్యలేదు. మా సీరియల్ల మీ పేరు ఏస్తం."

ఎవరైనా నన్ను అట్లా అడిగి ఎన్నాళ్ళయిందో. "నాదే" అన్నాను. అతని ఫోన్లోకి పాడాను. కాగితం ఇచ్చాడు. రెండో తరగతి చదివినదాన్ని, వేలిముద్ర వేస్తానా? భారతమ్మ అని ఒత్తుతో సహా రాశాను. పైన ఏమి రాసుందో చదవలేదు. కానీ నాదే అన్న మాట తెలియక అన్నది కాదు. ఎవరి పాటో తెలిసే అన్నాను.

ఆ కాగితం తీసుకుపోయి, ఆ పాట మాది అని కంపెనీ టీవీ వాళ్ళకు రాసింది. యేసుమణి సినిమా మళ్ళీ వేయడం ఆపేశారు. సంఘం ఆ ఏడు బహుమతుల పోటీకి ఢిల్లీ పంపే మూడు సినిమాల్లో ఆమెది ఒకటి. అది కూడా ఆగింది. పాట తీసేస్తే అందులో మిగిలేది బురదే. కోర్టుకు పోయే ముందు సంఘంలో ఐదుగురు పెద్దలు కూర్చుని తేలుస్తారని విన్నాను. విన్న రోజు నాకు అన్నం బాగా సయించింది. మర్నాడు అంతగా లేదు.

ఆదివారం చర్చి విడిచాక యేసుమణి వచ్చింది. కూర్చోమనలేదు. తనే పీట లాక్కుంది.

"ఏందే, తిట్టనీకి వచ్చినవా?"

"తిట్టుడుల నిన్ను గెలుస్తనా అక్కా? గా సంతకం నీదేనా?"

"నాదే. ఎంత మంచిగ రాసిన్నో చూసినవా?"

"చూసిన. శివయ్యన్న గూడ మెచ్చుకున్నడు. మెచ్చుకుని, గిది ఉన్నంతసేపు మన చేతుల ఏం లేదన్నడు."

"గంత పెద్ద సంఘం గదా. పుస్తకం తెరువుమను."

"తారీఖులకు పుస్తకం ఉన్నది. మా అమ్మ పాటకు ఏడున్నది? ఇన్న చెవులే ఉన్నయి. జంగమ్మ చెప్తే నా మనిషి అంటరు. నువ్వు చెప్తే నమ్ముతరు. నువ్వు నా మనిషివి గాదని ఊరందరికీ ఎరుకే."

నాకు నవ్వు రాబోయింది. ఆపుకున్నాను.

"గట్లయితే నేను అబద్ధం ఆడిన్నని పదిమందిల చెప్పాల్నా?"

"ఐదుగురే అక్కా. గురువారం పదకొండు గంటలకు కూసుంటరు. జ్ఞానదాసు ఆటో తెస్తడు. నా సినిమా మంచిగున్నదని చెప్పకు. వీరేందర్‌ను తిట్టకు. మీ మడిల గా పాట ముందుగాల ఎవరెత్తుకున్నరో, నువ్వు గెట్టు మీద నిలవడి ఎవరి నోట ఇన్నవో, ఆమె పేరు చెప్పు. గంతే."