విమానం దిగేవాళ్లకు నేను రాసిచ్చే రెండు కాగితాలు

జూన్ 3: ఒప్పంద పత్రానికి తెలుగు నకలు అడిగాను. ఎల్లుండి రమ్మన్నారు.

జూన్ 5: వెళ్లాను. ఎల్లుండి రమ్మన్నారు.

జూన్ 12: విమానాశ్రయంలో ఎదురువచ్చే మనిషి ఫోన్ నంబరు ఇచ్చారు. ఇంటికి వచ్చి అంకెలు లెక్కపెడితే ఒకటి తక్కువ ఉంది.

జూన్ 16: ప్రయాణపు రోజు. నేను రాసిచ్చిన రెండు కాగితాలను మా మేనకోడలి సంచిలో నుంచి తీసి తమ టేబుల్ సొరుగులో వేసుకున్నారు.

జూన్ 17 నుండి 25 వరకు: మేనకోడలు ఏమైందో చెప్పమని ఆరుసార్లు వెళ్లి అడిగాను. ఆరుసార్లూ నోటిమాటే. రాతలో ఒక్క ముక్క లేదు.

ఇవి ఏ రోజుకారోజు నా నోటుపుస్తకంలో రాసుకున్నవి. కడపలో మా మేనకోడలిని గల్ఫ్‌కు పంపిన ఒక ట్రావెల్స్ ఆఫీసు మీద నాకున్న ఫిర్యాదులు. వీటితో పాటు జూన్ 15వ తేదీ కింద ఇంకొక తప్పు రాయవలసి ఉంది. అది వారిది కాదు. దాని సంగతి వరుసలో వచ్చినప్పుడు చెబుతాను.

నేను పదహారేళ్లు గల్ఫ్‌లో ఒక ఇంటి డ్రైవరుగా పనిచేశాను. రెండో ఏట ఎవరో బండిని గోడకు గీసి పెడితే ఆ తప్పు నా మీద పడింది. ఆ రోజు బండి నేను తీయలేదని చెప్పడానికి నా దగ్గర నోరు తప్ప ఏమీ లేదు, ఆ నోటికి వాళ్ల భాష రాదు. మరునాటి నుంచి బండి ఎన్ని గంటలకు తీసిందీ, ఎక్కడ ఆపిందీ, ఎవరు ఎక్కిందీ రాసిపెట్టుకోవడం మొదలుపెట్టాను. మంగంపేట పక్కన మా ఊరికి తిరిగి వచ్చాక బండి పోయింది గాని అలవాటు పోలేదు.

మా వైపు ముగ్గురాయి గనుల్లో పని సన్నగిల్లినప్పుడల్లా ఏదో ఒక ఇంటి నుంచి ఒకరు గల్ఫ్ దారి పడతారు. పోయేముందు నా దగ్గరకు వస్తారు. వాళ్లకు రెండు కాగితాలు రాసిస్తాను. పాస్‌పోర్టు మొదటి పేజీ నకలు ఒకటి సంచిలో కాక లోపలి లంగాకు కుట్టిన జేబులో ఉంచుకోవాలి. దిగిన వెంటనే అక్కడి సిమ్ము దొరుకుతుందని నమ్ముకోరాదు. కాబట్టి రెండు ఫోన్ నంబర్లు నోటికి రావాలి. చేరిన ఇంటి గేటు పక్కన బిగించిన రేకు మీద నంబరు ఉంటుంది. ఇంట్లోకి అడుగు పెట్టకముందే దాన్ని చదువుకోవాలి. ఎండాకాలం కుళాయి నీళ్లు సలసల కాగినట్టు వస్తాయి. తెల్లవారి స్నానానికి ముందురోజే బకెట్టు పట్టి పెట్టుకోవాలి. మందులుంటే డాక్టరు చీటీ జతగా ఉండాలి. ఇతరులు ఇచ్చిన పొట్లం విప్పి చూడకుండా తీసుకుపోరాదు. ఏడవది గసగసాలు. మన ఇంట్లో అది వంట దినుసు, అక్కడ మత్తుమందు కింద లెక్క. ఎనిమిదవది, చదవలేని కాగితం మీద సంతకం పెట్టరాదు. తప్పనప్పుడు దాని ఫోటో అయినా అడగాలి.

మా మేనకోడలు నా చెల్లెలి కూతురు. ఆమె భర్త గనిలో దుమ్ము మింగి మింగి, నాలుగు అడుగులు వేస్తే ఆయాసపడే మనిషైనాడు. ఇల్లు నడవాలి కాబట్టి ఆమె వంటమనిషిగా పోవడానికి ఒప్పుకుంది. నేను ఒప్పుకోలేదు. కాని అడ్డుపడితే ఆ ఇల్లు నడవడానికి చూపించే వేరే దారి నా దగ్గర లేదు, అందువల్ల కాగితాలు రాశాను.

జూన్ 15న ఆమె పెట్టె నా ఎదుట సర్దారు. పక్కింటివాళ్లు, అక్కడే ఉన్న తమ బంధువుకు ఇమ్మని ఒక ఊరగాయ పొట్లం తెచ్చారు. నేను దాన్ని వాళ్ల ముందే విప్పించి, గరిటెతో అడుగు దాకా కెలికించి చూశాను. వాళ్లు మొహం మాడ్చుకుని పోయారు. నేను చింతించలేదు. తరువాత నా చెల్లెలు స్టీలు డబ్బాలో మసాలా పొడి పెట్టింది. గసగసాలు ఏమైనా పెట్టినావా అని అడిగాను. "గసాలు యాడియన్నా, ఒక్క గింజ లేదు" అంది. ఏడవ అంశం ముందు టిక్కు పెట్టాను. డబ్బా మూత తీయలేదు.

మరునాడు ట్రావెల్స్ ఆఫీసు నుంచి మద్రాసు విమానాశ్రయానికి వ్యాను. అక్కడి గుమాస్తా ఆమె సంచి తెరిచి కాగితాలన్నీ సరిచూస్తూ నా రెండింటి దగ్గర ఆగాడు.

"ఏం పెద్దాయనా, చిత్రగుప్తుని మాదిరి ఇంత రాసినావు? ఆడ మా మనిషి ఉండాడు, అంతా చూసుకుంటాడు. ఇది చదివితే ఆయమ్మ ఈడనే బెదురుకుంటాది."

కూర్చున్నవాళ్లు నవ్వారు. అతను వాటిని మడిచి సొరుగులో వేశాడు. తిరిగి ఇమ్మని రెండుసార్లు అడిగాను. వ్యాను డ్రైవరు హారను కొట్టాడు. మేనకోడలు నా చెయ్యి పట్టుకుని, "పోనీలే మామా, సగం నోటికొచ్చు" అని ఎక్కింది. మిగిలిన సగం ఏదో అడిగే లోపల వ్యాను కదిలింది.

ఆ తరువాతి దినాలు ఎట్లా గడిచాయో నా పుస్తకమే చెబుతుంది. పేజీకి ఎడమ పక్క గంటలు రాశాను, కుడి పక్క ఏమీ లేదు. ఫోను మోగినప్పుడల్లా రీచార్జి వాళ్లో, తప్పు నంబరో. చెల్లెలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మా గడప దగ్గరకు వచ్చి, నా మొహం చూసి వెళ్లేది. ఒక అంకె తక్కువైన నంబరుకు చివర సున్న నుంచి తొమ్మిది దాకా ఒక్కొక్కటే చేర్చి ప్రయత్నించాను. ఇద్దరు అరబ్బీలో కసురుకున్నారు. ఆఫీసులో ఒకరోజు ఇంట్లో చేరిందన్నారు, ఒకరోజు ఇంకా చేరలేదన్నారు, ఒకరోజు అలాంటివి ఆలస్యమవుతాయన్నారు. ఏ మాట రాసిమ్మన్నా పెన్ను లేదన్నట్టు చూశారు.

జూన్ 26, శుక్రవారం మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చున్నప్పుడు తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"మామా, నేను. బాగనే ఉండా. పెన్ను పట్టుకున్నావా?"

పట్టుకున్నానన్నాను. ఆమె మొదట చెప్పింది గేటు పక్క రేకు మీది నంబరు. నేను రాసి, తిరిగి చదివి వినిపించాను. సరేనంది. అప్పుడు గాని ఎంగిలిచేత్తోనే పెన్ను పట్టుకున్నానని చూసుకోలేదు.

మిగిలినది ఆమె వరుసగా చెప్పింది. విమానం దిగాక కస్టమ్స్ వాళ్లు పెట్టె తెరిపించారు. స్టీలు డబ్బా తీసి, పొడిని తెల్లకాగితం మీద పరిచి, వాసన చూసి, యంత్రంలో పెట్టి, ఆమెను ఒక గదిలో కూర్చోబెట్టారు. రెండు రోజులు అక్కడే. ఎదురు వస్తాడన్న మనిషి రాలేదు. మూడో రోజు హిందీ వచ్చిన ఒకాయన వచ్చి ఏదో చెప్పాడు, ఆమెకు నాలుగో వంతు అర్థమైంది. మూడు కాగితాల మీద సంతకం పెట్టించుకున్నారు. ఫోటో అడిగింది, ఫోన్లు అక్కడ కుదరవన్నారు. తరువాత ఒక డ్రైవరు వచ్చి ఈ ఇంటికి తెచ్చాడు. ఇంట్లోవాళ్లు చెడ్డవాళ్లు కారంది. ఫోను తోటి పనిమనిషిది, వారానికి ఒకసారి ఇస్తుంది.

ఫోను పెట్టేముందు అడిగింది: "మామా, నేను సంతకం పెట్టిన కాయితాల్లో ఏముండాదో నీకు తెలుస్తాదా? కేసు రాసుకున్నారా, వదిలేసినారా? ఇంటికి రావాలంటే రానిస్తారా?"

తెలుసుకుని చెబుతానన్నాను. పదహారేళ్లు గల్ఫ్‌లో ఉండి కూడా నాకు తెలియదు.

సాయంత్రం చెల్లెలిని పొడి ఎట్లా చేసినావని అడిగాను. ధనియాలు, చెక్క, లవంగం, ఎండుకొబ్బరి, గసాలు అని వేళ్లు మడుస్తూ వచ్చి ఆగిపోయింది.

"గసాలు లేకుంటే కూర చిక్కగా యాడొస్తాదన్నా? నువ్వు గసాలడిగినావు, గింజలు లేవని చెప్పినా. పొడి సంగతి అడిగింటే చెప్పుందును."

ఆమె మాటలో అబద్ధం లేదు. మిక్సీలో పడ్డాక అది ఆమెకు గసాలు కాదు, మసాలా. పరాయివాళ్ల ఊరగాయను అడుగు దాకా కెలికించినవాణ్ని, ఇంటి డబ్బా అని మూత తీయలేదు. జూన్ 15వ తేదీ కింద ఇది రాసుకున్నాను. తప్పు నాదేనని చెల్లెలికి కూడా రాసి, సంతకం చేసి ఇచ్చాను. ఆమె దాన్ని మడిచి బియ్యం డబ్బాలో పెట్టుకుంది. ఏడవ అంశాన్ని ఇప్పుడు ఇలా మార్చాను: గసగసాలు గాని, అవి కలిసిన ఏ పొడి గాని తీసుకుపోరాదు, ఇంట్లో చేసిన డబ్బా అయినా చేసినవాళ్లను దినుసు దినుసు అడిగి రాసుకోవాలి.

నా తప్పు ఉన్నంత మాత్రాన వారి బాధ్యత తీరదు. కావున ఆ ట్రావెల్స్ యజమానిని ఈ కాగితం ద్వారా కోరుతున్నాను. మా మేనకోడలు సంతకం చేసిన మూడు కాగితాల నకళ్లు తెప్పించి, వాటి తెలుగు అర్థంతో సహా ఇవ్వాలి. ఆమె మీద కేసు ఉన్నదా లేదా, ఆమె స్వదేశానికి రావడానికి ఆటంకమున్నదా లేదా స్పష్టపరచాలి. మీ మనిషి విమానాశ్రయానికి ఎందుకు రాలేదో తెలపాలి. మీ సొరుగులోని నా రెండు కాగితాలు తిరిగి ఇవ్వాలి.

జవాబు తెలుగులో, తేదీ వేసి, సంతకం చేసి, వచ్చే గురువారం సాయంత్రంలోగా రాతపూర్వకంగా అందించవలెను. ఫోనులో చెప్పే మాటను జవాబుగా స్వీకరించను. శుక్రవారం ఆమె ఫోను చేస్తుంది. చదివి వినిపించడానికి నా చేతిలో కాగితం ఉండాలి.