అల్లుడి లెగ్ పీస్

మహబూబాబాద్ స్టేషను దారిలో మా ఎస్తేరుది బతికున్న కోళ్ల దుకాణం. కోడి రెక్క ఎత్తి చూసి, కళ్ల ముందే కోయించుకుని పోవడం మా వాడకు అలవాటు. మొగుడు పోయాక ఇద్దరు ఆడపిల్లలను ఆ దుకాణం మీదే చదివించింది ఎస్తేరు.

పోయినేడు ఆమెకు ఎదురుగా గడ్డకట్టిన కోడికాళ్ల దుకాణం వచ్చింది. అన్నీ పై దేశం కాళ్లే. నేను ఊరుకోను కదా, వెళ్లి కూపీ లాగాను. అక్కడివాళ్లు ఛాతీ ముక్కలే ఇష్టంగా తింటారట, కాళ్లు మిగిలిపోతాయట. కోళ్ల రోగం భయంతో మన దేశం వద్దంటే, ఆ అడ్డు చెల్లదని ప్రపంచ వ్యాపార పంచాయితీకి ఎక్కి గెలిచి మరీ పంపుతున్నారట. "ఎప్పుడు కోసిండ్రు బిడ్డా?" అని అడిగితే ఆ కుర్రాడు డబ్బా మీది ముద్ర చూపించాడు. నాకు కావలసింది ముద్ర కాదు. అయినా ధర తక్కువ, జనం అటే మళ్లారు.

మా వాడ దేవదాసు కూతురి పెళ్లి విందు బేరం కూడా చేయి జారితే దుకాణం మూసి కూలికి పోతానంది ఎస్తేరు. జారనే జారింది. దేవదాసు కాళ్ల పెట్టెలే దింపించాడు.

విందులో ఎవరి విస్తరి చూసినా కాలే. మా దగ్గర లెగ్ పీస్ కొత్త అల్లుడి హక్కు. పెళ్లికొడుకు అజయ్‌కు పడ్డదే ఆటో డ్రైవరుకూ పడింది. అది చూసి అజయ్ మేనమామ బిక్షం విస్తరిలోనే చెయ్యి కడిగాడు.

"అందరికీ కాలే పెడితివి బావా. మరి మా పిలగాడు అల్లుడెట్లయితడు?"

కొడకండ్ల నుంచి వచ్చిన మగపెళ్లివారంతా లేచి నిలబడ్డారు. నాకేమో నవ్వు ఆగడం లేదు. కొంగు అడ్డం పెట్టుకుని పోయి ఎస్తేరుకు సంగతి చెప్పాను.

ఆమె చంకలో ఎర్ర పుంజుతో వచ్చింది. దేవదాసు వైపు చూడలేదు. పుంజును తిన్నగా బిక్షం చేతిలో పెట్టింది.

"జర రెక్క లేపి సూడు అన్నా. పొద్దుగాల కూసిన కోడి. దీనికి రెండే కాళ్లు. రెండూ మీ పిలగానియే."

పందిరంతా నవ్వింది. బిక్షం నవ్వలేదు గానీ రెక్క లేపి చూశాడు, బరువూ చూశాడు, తలూపాడు. కూర ఉడికేదాకా అందరూ ఆగారు. కాళ్లు రెండూ అల్లుడికి వడ్డించాక, పులుసు వేలితో అద్దుకుని నాకి బిక్షం తీర్పు చెప్పాడు. కొడకండ్లలో తమ విందుకు కోళ్లన్నీ ఈ అక్కే తేవాలట.

ఆ తర్వాతి ఆదివారం అల్లుళ్లు వచ్చే ఇళ్లవాళ్లంతా ఎస్తేరు దగ్గరే. వరుస రోడ్డు దాటి ఎదురు దుకాణం మెట్ల దాకా పాకింది. జర పక్కకు జరగమని ఆ కుర్రాడు బతిమాలాడు. వరుస పోతుందని ఎవరూ జరగలేదు. నేనూ జరగలేదు.