వలీ సార్, రూతమ్మ చేని దారి

ఈ ఉదయం ఆళ్లగడ్డలోని నా ఆఫీసుకు ఒక రైతు వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచినా, అతని కాళ్లకంటిన నల్లరేగడి బురద వాసన గదంతా నిండింది. తన చేనికి పోయే దారిని పక్కవాడు దున్నేశాడని అతను చెబుతుంటే నాకు మా సీనియర్ వలీ సార్ గుర్తొచ్చారు. నంద్యాల నుంచి రోజూ బస్సులో వచ్చి ఆయన దగ్గర వకీలు పని నేర్చుకుంటున్న రోజుల్లో ఇలాంటి కేసే ఒకటి మా దగ్గరికొచ్చింది.

వచ్చినావిడ రూతమ్మ. భర్త పోయాక నాలుగెకరాల్లో శనగ వేసుకుని బతికేది. ఆమె చేనికి బండి వెళ్లాలంటే పక్కనున్న పుల్లయ్య పొలం మధ్యనుంచే దారి. ఆమె మామగారి కాలంనాటి ఆ దారిని పుల్లయ్య ఆ ఏడు దున్నేసి, కంప అడ్డం పెట్టాడు. ఇంకొకరైతే వెంటనే దావా రాసేవారు. వలీ సార్ మరునాడే నన్ను, రూతమ్మను వెంటబెట్టుకుని చేనికి బయలుదేరారు. అరవై దాటిన మనిషి, బూట్లు చేత పట్టుకుని ఆ బురదలో దారి పొడవునా నడిచారు.

పుల్లయ్య చేలోనే ఉన్నాడు. "నడిమిట్ల రస్తా ఇయ్యను సార్. గెట్టెంబడి చుట్టూ పోతే పోనీ. బండి పట్టేంత ఇడుస్తా" అన్నాడు.

సార్ రూతమ్మ వైపు తిరిగారు. "ఒప్పుకో తల్లీ. రోంత దూరమైతాది, అంతే."

నేను ఊరుకోలేదు. "ఎందుకు ఒప్పుకోవాలి సార్? ఇరవై ఏళ్లకు పైగా నడిచిన దారి. చట్టం ఈమె వైపే ఉంది" అన్నాను. రూతమ్మ ఆయన ముఖం చూసింది, నా ముఖం చూసింది. "ఈ పాప చెప్పినట్లే చేద్దాం సార్" అంది. ఆయన తలూపి, వెనక్కి నడిచారు. ఆ వారంలోనే దావా వేశాం.

పాత దారికి కాగితం లేదని కోర్టు తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వలేదు. కోర్టుకెక్కినందుకు పుల్లయ్య, ఇస్తానన్న గట్టు దారి కూడా బండి పోకుండా మూసేశాడు. మొదటి ఏడు రూతమ్మ శనగ మూటలు నెత్తిన మోసుకుంది. మరుసటేడు కోత మిషను లోపలికి పోలేక, పంట నిలువునా ఎండి రాలిపోయింది. వాయిదాలు నడుస్తూనే ఉన్నాయి. దారిలేని చేను ఎవరు కొంటారు? ఏడో ఏడు ఆమె దాన్ని పుల్లయ్యకే అమ్మింది.

దావా ఉపసంహరించుకున్న రోజు, కోర్టు వరండాలో సార్ ఆమె ముందు చేతులు జోడించారు. "తప్పు నాదేనమ్మా. ఆ పొద్దు నేను గెట్టిగా చెప్పాల్సింటి." నేను పక్కనే ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా ఎప్పుడూ.

ఆయన కాలం చేసిన నెల రోజులకు రూతమ్మను వెతుక్కుంటూ వెళ్లాను. ఆమె ఒకప్పటి తన చేలోనే పుల్లయ్య కూలీలతో కలిసి మిరపకాయలు కోస్తోంది. సార్ చనిపోయిన సంగతి చెప్పాను. తల మీది కొంగు సరిచేసుకుని, ప్రభువును తలచుకుంది. తర్వాత, "ఆ తప్పు సారుది కాదమ్మా, నాది" అన్నాను.

"తెల్సులే పాపా" అంది. "ఆయప్ప వద్దనె, నువ్వు గెలుస్తామంటివి. నాకు నీ మాటే తియ్యగుండె. ఇంగ ఇప్పుడెందుకు అదంతా?"

తిట్టినా బాగుండేది. మళ్లీ వంగి కాయలు కోసుకుంటూ సాలు వెంట ముందుకు వెళ్లిపోయింది. సార్ నా బదులు మోసిన తప్పును ఆ రోజు నేను నా మీదికి తెచ్చుకున్నాను. దింపుకునే చోటు మాత్రం ఇప్పటికీ దొరకలేదు.