పాలబాబాయి పిల్లలు

మా పరిశోధనా సంస్థలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ పాలబాబాయే. జబ్బుపడ్డ పిల్లల చర్మం నుంచి తీసిన కణాలను చిన్న చిన్న పళ్లేల్లో పెంచడం ఆయన పని. వాటికి గులాబీరంగు ద్రవం మార్చడానికి సెలవురోజున కూడా ఊడిపడతాడు. "ఏంటి బాబాయ్, పిన్ని తరిమేసిందా?" అంటే, "ఆదివారమని పిల్లలకు ఆకలెయ్యదా? పాలు పట్టేసి పోతా" అంటాడు. ఆ పళ్లేల మీదకు వంగి "ఏం నాన్నా, ఏం తల్లీ" అని పలకరిస్తుంటే కుర్రకారు కిసుక్కున నవ్వేవారు. ఆయన పట్టించుకుంటేగా!

ముందు బల్ల దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూసుకునేది నేను. ఒకరోజు ఒకావిడ వచ్చింది. ఆమె కొడుకు కండరాల జబ్బుతో పోయాడు. పోకముందు వాడి చర్మం కాస్త మాకిచ్చిందట.

"వాడి కణాలు ఇక్కడింకా బతికే ఉంటాయని అప్పుడు చెప్పారమ్మా. ఒక్కసారి చూసి వెళ్లిపోతాను" అంది.

లోపల అడిగితే సంగతి బయటపడింది. ఆ మధ్య కణాలు దాచే ఫ్రీజరు పాడైనప్పుడు ఆ పిల్లాడి కణాలన్నీ పోయాయి. తల్లికి చెప్పాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. బిడ్డ ఒంట్లోంచి తీసుకోవడానికి మాత్రం ఎన్ని ఫోన్లు, ఎన్ని బతిమాలుళ్లు!

డైరెక్టరుగారు చెడ్డ మనిషేం కాదు. "ఇంకో పాపవి ఉన్నాయిగా, అవే వాడివని చూపించు. పాపం, తృప్తిగా వెళ్తుంది" అన్నారు బాబాయితో.

నేనే ఆవిడను లోపలికి తీసుకెళ్లాను. బాబాయి మైక్రోస్కోపు కింద పళ్లెం పెట్టాడు. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుని వంగబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మా, ఇవి మీవాడివి కావు. మీవాడివి పోయాయి. కాపాడుకోలేకపోయాం. మీకు చెప్పనైనా లేదు. తప్పైపోయింది తల్లీ."

ఆవిడ అక్కడే కూలబడింది. బాబాయి కూడా పక్కన నేలమీద చతికిలబడ్డాడు. రేపోమాపో రిటైరయ్యే మనిషి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. డైరెక్టరుగారు గుమ్మందాకా వచ్చి ఆగిపోయారు.

చాలాసేపటికి ఆవిడ పళ్లెం వైపు చూసింది. "మరి అవెవరివి?"

"ఇంకో పాపవి. అదే జబ్బు. ఆ పాపా లేదు."

"ఇవున్నట్టు వాళ్లమ్మకు తెలుసా?"

బాబాయి తల అడ్డంగా ఊపాడు.

"తెలీదా! అయ్యో, ముందు ఆవిడకు చెప్పండయ్యా. ఇవి కూడా పోయాక చెప్తారా?"

డైరెక్టరుగారు నన్ను నంబరడిగి తనే ఫోన్ చేశారు. ఉన్నదున్నట్టు చెప్పారు. ఆ తల్లి సాయంత్రానికల్లా వస్తానందట. తర్వాత ఈవిడ దగ్గరకొచ్చి, "కారు చెప్తానమ్మా, ఇంటి దగ్గర దింపుతారు" అన్నారు.

ఆవిడ కుర్చీ జరుపుకుని కూర్చుంది.

"ఆవిడ వచ్చేదాకా ఉంటాను బాబూ. వీటిని ఒక్కర్తీ ఎలా చూస్తుంది?"