పత్తి చేని గుంటలో చేపలు

ఎనభైల్లో మాచర్ల దగ్గర మా పత్తి చేలో ఒక నీటిగుంట ఉండేది. కాలవ నీళ్లు పెట్టి, బొచ్చె చేపపిల్లలు వదిలి, తవుడు చల్లి ఏడాది పెంచాం. మా వైపు మొదటిసారి పట్టిన చేపలు అమ్మరు, వీధిలో ఇంటికో చేప పంచుతారు. చేపలు పట్టాల్సిన రోజు పొద్దున మా అత్త గుంట దగ్గరికి వెళ్లేసరికి చేపలు పైకి తేలి ఉన్నాయట. నీళ్లు తగ్గి పైకొచ్చాయనుకుంది. బుట్టకెత్తి, సంబరంగా ఐదిళ్లకు పంచేసింది.

రేషన్ షాపు నుంచి తిరిగొచ్చి ఆ మాట వినగానే చేతిలో సంచి అక్కడే పడేశాను. ముందురోజు పత్తికి పురుగుమందు కొట్టి, డబ్బా ఆ గుంటలోనే కడిగింది నేనే. కాలవ దాకా నడవడానికి బద్ధకం. నా బద్ధకం పాడుగాను! ఉన్నదంతా అత్తతో చెప్పేశాను.

"ఎవురూ చూళ్లేదుగా, గమ్మునుండవే" అంది అత్త.

"గమ్మునుంటే జనం చస్తారత్తా!" అని కొంగు బిగించి పరిగెత్తాను.

మొదటి ఇంట్లో చేప ఇంకా తోమలేదు. రెండో ఇంట్లో ముక్కలకు ఉప్పు పట్టించారు. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట, "మందు కలిపిందెవురే?" నేనేనని చెప్పి లాక్కున్నాను. నోటికొచ్చినట్టు తిట్టారు, పడ్డాను. నాలుగిళ్లు అయ్యాయి.

ఐదోది పక్కింటి పిన్నిది. పురిటికొచ్చిన కూతురు అప్పటికే పులుసన్నం తింటోంది. కంచం లాగేశాను.

"ఏందక్కా? రెండు ముద్దలే తిన్నా" అంది.

దొరికిన బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాం. సాయంత్రం దాకా పిన్ని నా మొహం చూడలేదు. చెంప పగలగొట్టినా బాగుండేది. దేవుడి దయవల్ల పిల్లకేమీ కాలేదు.

ఆ గుంట తోడించి, అడుగు బురద తీయించి, మళ్లీ చేపపిల్లలు వదిలాం. మందు డబ్బాతో ఎవరైనా ఆ గట్టెక్కితే నేను మనిషిని కాను. మరుసటేడు మొదటి చేపను నేనే వండి పిన్నికి పట్టుకెళ్లాను.

"ఈసారి మంచి నీళ్లే పిన్నీ. మందు చుక్క కూడా పడలా."

పిన్ని గిన్నె మూత తీసి చూసింది. నా చంకలో ఉన్న రెండేళ్ల కూతురి వంక చూసింది.

"అట్టాగా? అయితే ముందు నీ బిడ్డకు పెట్టు."

ముక్క తుంచాను. ముల్లు తీశాను. గుంట చుట్టూ అందరివీ మందు కొట్టే పత్తి చేలే. వాన పడితే ఆ నీళ్లన్నీ గుంటలోకే. పిల్ల నోరు తెరిచింది. నా చెయ్యి లేవలేదు.