మునెమ్మ అవ్వ రాగి నారు కోసం ఒక శనివారం

బడి పిల్లలకు చేలు చూపించడానికి కార్వేటినగరం వైపు ఎలా వెళ్ళాలని తోటి టీచర్లు నన్ను అడుగుతుంటారు. దారి చెబుతాను. కానీ ఈ వానాకాలం నేను అటు వెళ్ళింది చేను చూడ్డానికి కాదు, ఒక పెద్దావిడ ముందు తప్పు ఒప్పుకోవడానికి. ఏర్పేడు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను, ఉండేది తిరుపతిలో. కిందటి వేసవిలో కార్వేటినగరం పాత కోట చూడబోయి, ఎండకు తట్టుకోలేక పక్క పల్లెలో ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఆ ఇంటావిడే మునెమ్మ అవ్వ. అంబలి ఇచ్చింది. బడిలో పిల్లలతో పంట వేయిస్తానని నేను అంటే లోపలికి వెళ్ళి చిన్న గుడ్డమూట తెచ్చింది. ఆమె అత్త కాలం నాటి రాగులు, కంకి పిడికిలి బిగించినట్టు ముడుచుకుని ఉంటుందట. అవ్వకు మోకాళ్ళు పట్టేశాక కొడుకులు చేనంతా మామిడి పెట్టేశారు. "మా ఇంట్లో ఎవురికీ అక్కర లేదు టీచరమ్మా. పిల్లకాయల చేతిలో పడితే నిలబడతాది" అంది. తన దగ్గర ఇంకా ఉన్నాయా అని అడగాలని నాకు తోచలేదు.

జులైలో ఎనిమిదో తరగతి పిల్లలతో బడి వెనక మడి చేయించి ఆ రాగులు చల్లించాను. పాతిక రోజులకు చక్కగా ఎదిగాయి, వాటితో పాటు గడ్డీ మొలిచింది. ఒక శుక్రవారం సాయంత్రం కలుపు తీయిద్దామని అందర్నీ మడిలోకి దించాను. ఏది కలుపో ఎలా తెలుస్తుందని పిల్లలు అడిగితే, పుస్తకాలు చదివిన దర్జాతో చెప్పాను: పంట వేరు గట్టిగా పట్టుకుంటుంది, సులువుగా ఊడొచ్చేది కలుపు అని. నందిని అనే అమ్మాయి అందరికంటే ఎక్కువ పీకింది. అందరి ముందు మెచ్చుకున్నాను, చప్పట్లు కూడా కొట్టించాను. ఇటువైపు కలుపును ఎవరూ పారేయరు, ఇంట్లో ఆవు ఉన్నవాళ్ళు పట్టుకుపోతారు. నందిని కూడా గోతం నిండా తొక్కి నెత్తిన పెట్టుకుని వెళ్ళింది.

వాళ్ళు వెళ్ళాక మడికి నీళ్ళు పెడుతూ చూశాను. మిగిలిన మొక్కలు నిటారుగా లేవు, నేలకు పరుచుకుని ఉన్నాయి. మొదళ్ళు బల్లపరుపుగా, తెల్లగా ఉన్నాయి. గట్టు మీద పడి ఉన్న నాలుగు పీకిన మొక్కల్ని పక్కన పెట్టి చూస్తే వాటి మొదలు పచ్చగా ఉంది. పీకించింది రాగినేనేమో అన్న అనుమానం వచ్చింది. రాగి సంగటి తిని పెరిగినదాన్నే కానీ, తిరుపతి క్వార్టర్సులో పెరిగిన నేను రాగి చేను దగ్గరగా చూసిందెప్పుడు? రెండు రకాలవీ నాలుగేసి మొక్కలు తడిగుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను. ఆ రాత్రి నేను వేసుకున్న పథకం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అవ్వ దగ్గర ఇంకాసిని రాగులు అడిగి తెచ్చి, ఆదివారం ఒక్కదాన్నే చల్లేస్తే పిల్లలకు తెలియనే తెలియదనుకున్నాను.

మర్నాడు రెండో శనివారం, బడికి సెలవు. తిరుపతిలో ఆరు గంటల బస్సెక్కి పుత్తూరులో దిగాను. అక్కడ కార్వేటినగరం బస్సుకు అరగంట ఆగాల్సి వచ్చింది, ఈలోగా ఇడ్లీ తినొచ్చు కానీ నాకు సహించలేదు. రెండు బస్సులకూ కలిపి వంద రూపాయల లోపే అవుతుంది. ఎనిమిదిన్నరకు కార్వేటినగరంలో దిగి పల్లెకు ఆటో మాట్లాడుకున్నాను. ఆటో ఆయన నా ఒళ్ళోని తడిమూట చూసి, "ఏందక్కా అది, గుడికి తులసా?" అన్నాడు. రాగి నారు అన్నాను. "ఇంత పిడికెడు నారుకు తిరపతి నుంచి వచ్చినావా?" అని నవ్వాడు. పదకొండు దాకా అక్కడే ఉంటానని, పిలిస్తే వస్తానని నంబరు ఇచ్చాడు.

అవ్వ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. ఫోనులో ఆమెకు మాట సరిగా వినపడదు, అందుకే చెప్పకుండా వెళ్ళాను. నేను ఏమీ అనకముందే మూట విప్పి చూసింది. ఒక్కో మొక్క మొదలును బొటనవేలితో నొక్కి రెండు వైపులా పెట్టింది.

"ఇది మన రాగి. ఇది తిప్పరాగి, గడ్డి. చేలో దేన్ని ఉంచినారు?"

"గడ్డిని ఉంచి రాగిని పీకేశామవ్వా. సులువుగా వచ్చేది పీకమని నేనే చెప్పాను."

ఆమె రాగి మొక్కల్ని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఇంకొన్ని గింజలు ఇస్తే మళ్ళీ వేయిస్తానన్నాను.

"యాడుండాయి తల్లీ? ఉండేదంతా నీకే ఇస్తిని."

తల కొట్టేసినట్టయింది. రెండు తరాల ఆడవాళ్ళు కాపాడుకున్న విత్తనం నా చప్పట్ల మధ్య పోయిందని అప్పుడు పూర్తిగా అర్థమైంది. కన్నీళ్ళు ఆగలేదు. అవ్వ మాత్రం ఇంకా ఆ నాలుగు రాగి మొక్కల్నే తిప్పి చూస్తోంది.

"ఎన్నాళ్ళ పైరు ఇది?"

"పాతిక రోజులు."

"నాటలేదా? చల్లినారా?"

"చల్లించాను."

"ఎప్పుడు పీకినారు?"

"నిన్న సాయంత్రం."

"మేము నారు పోసి, పాతిక దినాలకు పీకి నాటుతాము. మీరూ ఆ దినానికే పీకినారు. వేరు ఎండకపోతే బతకతాది. పీకిందంతా యాడుండాది?"

అప్పుడు గుర్తొచ్చింది, నందిని వాళ్ళ ఆవు.

వెంటనే వాళ్ళ ఇంటికి ఫోన్ చేశాను. నందిని నాయన ఎత్తాడు. గడ్డి సంగతి అడిగితే, "రాత్రి కొంచెం ఏసినాము మేడం. మిగిలింది గోతాంలో ఉండాది, ఇప్పుడే ఆవుకు ఏద్దామని..." అన్నాడు. వేయవద్దన్నాను. గోతం నీడన పెట్టి నీళ్ళు చల్లమని, ఫోన్ నందినికి ఇమ్మని అడిగాను. అది గడ్డి కాదు రాగి అని ఆ పిల్లకు చెప్పాను. పిల్లలందర్నీ నాలుగింటికి బడికి రమ్మని చెప్పు అన్నాను. సరే మేడం అని పెట్టేసింది.

నేను లేస్తుంటే అవ్వ కూడా లేచింది. ఈ మోకాళ్ళతో అంత దూరం ఎందుకన్నాను. "నువ్వు చెబితే మళ్ళా ఏం పీకతారో" అంది. నవ్వలేదు, నేనూ నవ్వలేదు. అదే ఆటోలో బస్టాండుకు, అక్కడి నుంచి పుత్తూరుకు, పుత్తూరు నుంచి రేణిగుంటకు, మళ్ళీ బస్సు మారి ఏర్పేడుకు వచ్చాం. దారి దూరమేమీ కాదు, బస్సుల కోసం నిలబడటమే పొద్దంతా మింగేసింది. బస్సు మెట్టెక్కిన ప్రతిసారీ అవ్వ రెండు చేతులతో కడ్డీ పట్టుకుని కళ్ళు మూసుకునేది. చూస్తుంటే ప్రాణం ఉసూరుమనేది.

బడికి చేరేసరికి మూడున్నర దాటింది. నందిని అప్పటికే మడి పక్కన కూర్చుని ఉంది. గోతం విప్పి మొక్కల్ని గుప్పెళ్ళుగా సర్ది, వేళ్ళు మునిగేలా బేసిన్లలో నిలబెట్టింది. అలా చేయమని ఎవరు చెప్పారని అడిగాను.

"మా అమ్మ వరి నారు ఇట్లనే పెడతాది మేడం." తల దించుకుని అంది, "నేనే కదా మేడం ఎక్కువ పీకినాను."

మిగతా పిల్లలు వచ్చేదాకా ఆగాను. అందరూ మడి చుట్టూ నిలబడ్డాక చెప్పాను. ఏది రాగో ఏది గడ్డో నాకు తెలియదు, తెలియదని చెప్పడం చేతకాక తప్పుగా చెప్పాను, నందిని నా మాటే విన్నది, తప్పు నాది. పదహారేళ్ళ ఉద్యోగంలో తరగతి ముందు నాకు తెలియదు అనడం అదే మొదటిసారి. ఎవరూ నవ్వలేదు. అవ్వ నేల మీద చతికిలబడి, "ఇట్ల రాండి, వేలుతో నొక్కి సూడండి" అని ఒక్కొక్కరి చేతా రెండు మొదళ్ళూ పట్టించింది. తిప్పరాగిని పెకలించడానికి గడ్డపార కావాల్సి వచ్చింది, అంత గట్టిగా పట్టుకుని ఉంది. తడిపిన మడిలో సాళ్ళు తిన్నగా రావాలని తాడు పట్టి, వేలితో గుంట చేసి, ఎండ తగ్గాక నాటారు. వాడిపోయినవాటిని అవ్వ ఏరి పక్కన పెడుతుంటే నందిని వాటినీ వదల్లేదు, గట్టు వెంబడి గుచ్చింది.

ఆ రాత్రి అవ్వ మా ఇంట్లోనే ఉంది, మర్నాడు పల్లెలో దింపి వచ్చాను. వారం తర్వాత మూడు సాళ్ళు పచ్చబడ్డాయి. మిగతావి ఎండిపోయాయి, గట్టు మీదవి ఒక్కటీ బతకలేదు. ఆటో ఆయనతో అవ్వకు కబురు పెడితే, ఇత్తనానికి ఒక సాలు చాలని తిరుగు కబురు పంపింది. పిల్లలకు చేతులతో నేర్పించడమంటే వాళ్ళ చేతుల్లో పార పెట్టడమే అనుకునేదాన్ని. నాకు తెలియనిచోట తెలిసినవాళ్ళను ముందు నిలబెట్టి నేను వెనక్కి తగ్గాలన్నది ఆ శనివారం వరకూ తట్టలేదు. ఇప్పుడు ఆ మూడు సాళ్ళ దగ్గర కలుపు తీసే ముందు పిల్లలు నన్ను అడగరు, నందినిని అడుగుతారు. నేనూ ఆమెనే అడుగుతాను.

మీరూ బడిలో ఇలాంటి మడి వేయిస్తే ఒక్కటి గుర్తుంచుకోండి. కలుపు తీసిన రోజే ఆ గడ్డిని పశువులకు పంపకండి. ఆ పంట పండించిన పెద్దవాళ్ళెవరైనా వచ్చి చూసేదాకా, ఒక్క రాత్రి, తడిగోతంలో నీడన ఉంచండి.