పిడుగు తరఫున భోజనం

మా శిక్షణాలయంలో అందరూ పిడుగు అని పిలిచే అమ్మాయికి వింత అలవాటు ఒక్కటే ఉండేది. తాను తినకూడని పదార్థాన్ని పక్కవారి చేత తినిపించి, రుచి ఎలా ఉందో వారి నోటితోనే చెప్పించుకొనేది. చెప్పేంతవరకు వదిలేది కాదు. అసలు వదలకపోవడమే ఆమె వృత్తి. బరిలో ఆమె పట్టుకు చిక్కినవారు నేలను తట్టి ఓటమి ఒప్పుకొని బయటపడేవారు. భోజనాల బల్ల దగ్గర చిక్కిన మాకు ఆ సౌకర్యం కూడా లేదు.

గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ చెల్లుబాటయ్యే మిశ్రమ యుద్ధక్రీడ ఆమెది. యాభై రెండు కిలోల విభాగంలో పోటీ చేయాలంటే ముందురోజు కాటా మీద ఆ అంకె దాటకూడదు. మామూలు రోజుల్లో ఆమె బరువు యాభై ఏడు. ఆ అయిదు కిలోలూ కరిగించడానికి నెల రోజులపాటు ఉడికించిన కూరముక్కలతోను, కొలిచి పోసిన నీళ్లతోను కాలం గడిపేది. ఆ నెల రోజులూ మేమందరం ఆమె తరఫున భుజించేవాళ్లం.

ఒకనాడు వాచ్‌మన్ చేతికి వెన్న రాసి కాల్చిన రొట్టెముక్క ఇచ్చి, ఎదురుగా స్టూలు వేసుకొని కూర్చుంది.

"ఎలా ఉందన్నా?"

"బాగుందమ్మా."

"బాగుందనే మాట తినకుండా నేనే చెప్పగలను. పైన కరకరలాడిందా?"

"ఆడింది."

"లోపల?"

"లోపల ఆడలేదు."

"వెన్న ఎక్కడ తగిలింది?"

"నాలుక మీదేనమ్మా! ఇంకెక్కడ తగులుతుంది?"

శిక్షణాలయంలో ఉత్తర ప్రత్యుత్తరాలు చూసే గుమాస్తాను కనుక నాకు ఇటువంటి నివేదికలు సులభమని భావించాను. మరునాడు నా వంతుకు ఉడికించిన గుడ్డు వచ్చింది. ఆలోచించి చెప్పాను: "ఉప్పు తగినంత ఉన్నది. మిరియాల పొడి అవసరానికంటే స్వల్పంగా అధికం. మొత్తం మీద తృప్తికరం."

పిడుగు నావైపు జాలిగా చూసింది. "బాబాయ్, మీరు గుడ్డు తిన్నారా, గుడ్డుకి నోటీసిచ్చారా?"

అయితే అందరికంటే ఎక్కువగా నమిలినవారు ఆమె గురువు. ఆయనను మేమంతా మాస్టారు అనేవాళ్లం. బక్కపలచని మనిషి, మెడలో విజిలు, నలభై మంది శిష్యులను ఒక్క కేకతో నిలబెట్టగల గొంతు. ఆ గొంతు రోజుకు మూడుపూటలా పిడుగు ముందు బడిపిల్లవాడి గొంతయ్యేది.

"నేను నీ కోచ్‌నా, నీ నాలుకనా?"

"రెండూ, మాస్టారూ. నమలండి. నోట్లో పెట్టుకుని మాట్లాడకండి."

"నాకు ఆకలి లేదే!"

"మీరు రుచి చెప్పకపోతే నాకు బరువు దిగదు. మొన్న ఒక్కపూట మానేశారు, చూడండి, రెండువందల గ్రాములు పెరిగాను."

మాస్టారు వెంటనే పళ్లెం దగ్గరకు లాక్కొనేవారు. కాటా విషయంలో కోచ్‌లు నమ్మని సంగతి లేదు.

ఆ ఏడాది పిడుగు యాభై ఒకటీ పాయింటు తొమ్మిది కిలోలతో కాటా దిగి, మరునాడు విజేతగా నిలిచింది. ఆమె నడుముకు విజేతకిచ్చే కొత్త బెల్టు వచ్చింది. నా పాత బెల్టుకు కొత్త చిల్లు వచ్చింది. నేను నాలుగు కిలోలు పెరిగాను.

తరువాతి నెలలో పోటీలు నడిపే సమాఖ్య నుండి లేఖ అందింది. యాభై ఏడు కిలోల విభాగంలో సైతం విజేత బిరుదుకు పోటీపడే అవకాశం పిడుగుకు ఇస్తున్నామని, అయితే ఇది ఒకే ఒక అవకాశమని, ఓడినచో ఇకపై కింది విభాగానికే పరిమితం కావలెనని అందులో ఉంది. రెండు విభాగాల్లో బెల్టు గెలిచినవారు మా శిక్షణాలయం చరిత్రలో లేరు. నేను లేఖను రెండుసార్లు చదివి, రెండు కారణాలకు సంతోషించాను. రెండవ కారణం, ఇక ఆ అమ్మాయి తన భోజనం తానే చేయగలదు.

చేసింది కూడా. మొదటిరోజే రెండు గుడ్లు, నాలుగు రొట్టెముక్కలు ముగించింది. ఆపైన మరో పళ్లెం తీసి మాస్టారి ముందుకు తోసింది. "రుచి చెప్పండి."

నేను ఊరుకోలేకపోయాను. "అమ్మాయీ, నువ్వే తిన్నావు కదా. ఇంకా ఆయన చెప్పవలసినదేమిటి?"

"మీ ఉత్తరానికి ఒక్క సంతకం సరిపోతుందా బాబాయ్? రెండోది అక్కర్లేదా?"

రెండవ సంతకం లేనిదే ఏ కాగితాన్నీ గుమ్మం దాటనివ్వని నేను ఉప్పు డబ్బా మాస్టారి వైపు జరిపాను.

పోటీనాడు నీళ్ల బకెట్టు, తువాలు పట్టుకొని నేను కూడా బరిలో ఆమెకు కేటాయించిన మూల దగ్గర నిలబడ్డాను. ప్రత్యర్థి ఆమెకంటే తలెడు పొడుగు. నాలుగు రౌండ్లు ముగిసేసరికి చెరి రెండు గెలిచి సమానంగా ఉన్నారు. చివరిదైన అయిదవ రౌండుకు ముందు నిమిషం విరామం దొరికింది. పిడుగు వచ్చి స్టూలు మీద కూలబడింది. పెదవి చిట్లింది, ఒక కన్ను సగం మూసుకుపోయింది. అయినా ఆమెకంటే మాస్టారి ముఖమే పాలిపోయి ఉంది.

"మాస్టారూ, పొద్దున్న ఏం తిన్నారు?"

"ఇప్పుడదా ముఖ్యం! ఎడమ చెయ్యి..."

"ఏం తిన్నారు?"

"కాఫీ."

"బాబాయ్, నా సంచిలో అరటిపండుంది. ఒలవండి."

ఒలిచాను. ఆమె కోసమే అనుకొన్నాను. ఆమె గ్లోవు తొడిగిన చేత్తోనే దానిని అందుకొని మాస్టారి నోట్లో కుక్కింది.

"నమలండి. ఎలా ఉంది?"

"ముప్పై సెకన్లే ఉన్నాయే తల్లీ!"

"ఎలా ఉంది?"

"తియ్యగా ఉంది! కాస్త ఎక్కువ మగ్గింది! చాలా?"

"చాలు. ఇప్పుడు చెప్పండి, నేనేం చెయ్యాలి?"

మాస్టారు మింగారు. ఆయన పాత గొంతు తిరిగి వచ్చింది. "అలిసిపోయినప్పుడల్లా ఆ పిల్ల కుడికాలు వెనక్కి వేస్తోంది. వెయ్యగానే కాళ్లు పట్టేయ్!"

రెండు నిమిషాల తరువాత ఆ కాలు వెనక్కి పడింది. పిడుగు కాళ్లు పట్టింది, కింద పడేసింది, మెడ చుట్టూ చెయ్యి బిగించింది. ప్రత్యర్థి నేలను తట్టింది.

దుస్తులు మార్చుకొనే గదిలో చెంపకు మంచుగడ్డ ఆనించుకొని కూర్చున్న పిడుగును మాస్టారి తిండి గొడవేమిటని నిలదీశాను. మాస్టారు బయట విలేకరులకు పట్టు గురించి వివరిస్తున్నారు.

"పోటీ దగ్గర పడితే ఆయనకి ముద్ద దిగదు బాబాయ్," అంది. "నా మొదటి పోటీకి కాటా పక్కన పడిపోయారు చూడండి. ఆనందం పట్టలేకపోయారని మీరంతా చప్పట్లు కొట్టారు. అది ఆకలి."

"తినమని చెప్పవచ్చు కదా?"

"చెప్పలేదనుకున్నారా? తనకోసం అంటే వినరు. నా కోసం అంటే గడ్డి పెట్టినా రుచి చెబుతారు."

"మరి మా అందరికీ ఎందుకు పెట్టావు?"

"ఒక్కరికే పెడితే కనిపెట్టేయరూ?"

"అయితే నా నాలుగు కిలోల మాటేమిటి?" అన్నాను.

"అవి ఉంచుకోండి బాబాయ్. మీకు బాగున్నాయి."

రెండురోజుల్లో సమాఖ్య నుండి మరో లేఖ వచ్చింది. విరామ సమయమున పోటీదారుకు నీరు తప్ప మరే ఆహారమూ ఇవ్వరాదని, మా మూలలో అరటిపండు ఒలిచినట్లు న్యాయనిర్ణేత నమోదు చేసినారని, సంజాయిషీ అందేవరకు బెల్టు నిలిపివేయడమైనదని అందులోని సారాంశం. శిక్షణాలయమంతా గుండె చేత పట్టుకొని నా బల్ల చుట్టూ చేరింది. నలభై ఏళ్లుగా లేఖలు రాస్తున్నాను. అంత తక్కువ మాటల్లో అంత నిజం ఎన్నడూ రాయలేదు. నాలుగవనాడు బెల్టు వచ్చింది. మేము పంపిన సమాధానం పూర్తి పాఠం ఇది:

"అయ్యా, తమరు పేర్కొన్న అరటిపండు వాస్తవమే. దానిని భుజించినది పోటీదారు కాదు, ఆమె గురువు. ఆయన ఏ బరువు విభాగంలోనూ పోటీలో లేరు."